ఉందనీ చెప్పం, లేదనీ చెప్పం

లక్క వాసన వస్తే నాకు ఇప్పటికీ ఊపిరి బిగుసుకుంటుంది. కొవ్వొత్తి మంటకు ఎర్రటి లక్క కడ్డీ మెత్తబడి కాగితం మీదికి జారేటప్పుడు వచ్చే వాసన అది, కాస్త కమురు, కాస్త గుగ్గిలం కలిసినట్టుగా. పోయిన వారం వికారాబాద్ కోర్టు వరండాలో, బెంచీ మీద కూర్చుని ఉన్నాను. మా ఆసుపత్రి తరఫున జడ్జి గారికి ఒక కవరు అప్పగించాలి. ఆ పొద్దున నేనే సీలు వేసిన కవరు ఒడిలో ఉంది. ఎండ తగిలి లక్క మళ్లీ వాసన కొడుతోంది. పక్కన కూర్చున్న ఒక వకీలు గుమస్తా మాటల్లో పెట్టాడు. నేను ఒకప్పుడు తాండూరు ఆసుపత్రిలో పనిచేశానని తెలియగానే అతని ముఖం వెలిగింది. "అట్లనా సార్? గక్కడ ఒక డాక్టరమ్మ ఉండె గదా, ఎస్తేరమ్మ. పైసలు తిని రోగం ఉన్నోళ్ల పేర్లు బయటపెట్టిందట. పోయిన ఏడు సచ్చిపోయింది. ఊకె పోతదా మరి, గా పాపం?" అన్నాడు. చెబుతూ చెబుతూ పల్లీలు ఒలుచుకుని తింటున్నాడు.

ఆ మాట నేను చాలా చోట్ల విన్నాను. తాండూరు బస్టాండులో విన్నాను, మా శాఖ సమావేశాల్లో టీ తాగేటప్పుడు విన్నాను. విన్న ప్రతిసారీ లేచి ఇంకో చోటికి పోయాను. ఆ రోజు లేవలేకపోయాను, ఒడిలో కవరు ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. ఎస్తేరు మేడంను చూడని వాళ్లు, ఆమె గురించి ఆ ఒక్క మాటే విన్నవాళ్లు చదవాలని రాస్తున్నాను.

డాక్టర్ ఎస్తేరు పూడూరు దగ్గర పల్లెటూరి మనిషి. తల్లిదండ్రులు పరుల పొలాల్లో పనిచేసి చదివించారు. తాండూరు ఆసుపత్రిలో హెచ్ఐవీ పరీక్షల కేంద్రం ఆమె బాధ్యత. నేను అక్కడ గుమస్తాను. బషీరాబాద్ నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చేవాణ్ని. ఆమె పొట్టిగా ఉండేది, గొంతు మాత్రం వార్డు అవతలికి వినపడేది. అంత గొంతున్న మనిషి ఆ కేంద్రంలో ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ల దగ్గరికి తనే నడిచి వెళ్లి, "రా, నీ వంతొచ్చింది" అని చెయ్యి ఊపేది. మొదట్లో అది డాక్టరు చేసే పనా అని నాకు నవ్వొచ్చేది.

ఒకరోజు ఆమెకు వరసకు చిన్నాన్న అయ్యే పెద్దమనిషి పూడూరు నుంచి వచ్చాడు. కూతురికి సంబంధం కుదిరిందట. పిల్లవాడిది తాండూరే. "జర చూసి చెప్పు బిడ్డా, పిలగాడు ఎప్పుడన్న మీ దగ్గరికొచ్చిండా? నాకు గంతే చాలు" అన్నాడు.

"వచ్చిండనీ చెప్ప, రాలేదనీ చెప్ప" అంది మేడం.

"వచ్చింటె చెప్పకు. రాకపోతె రాలేదని చెప్పనీకె ఏం రోగం నీకు?"

"ఇయ్యాల నీకు రాలేదని చెప్త. రేపు ఇంకొకరొచ్చి ఇంకొకని గురించి అడుగుతరు. వాడు వచ్చినోడే అనుకో, నేను నోరు మూసుకుంట. నువ్వైతే ఏమనుకుంటవ్ చిన్నాయినా? నీకు చెప్పింది, నాకు చెప్తలేదు, అంటె ఉన్నట్టే అనుకుంటరు గదా. పిల్లను, పిలగాన్ని ఇద్దర్ని తోలుకరా. ఇద్దరికీ చేస్త. ఎవరిది వాళ్ల చెవులనే చెప్త."

"అల్లుణ్ని పరీక్షకు రమ్మంటె సంబంధం ఉంటదా?"

"ఉండకపోతె నన్నడగకు. చాయ్ తాగిపో."

పెద్దమనిషి చాయ్ తాగకుండానే పోయాడు. ఆ పెళ్లికి ఆమెను పిలవలేదు కూడా. ఆమె దాని గురించి ఒక్కసారే మాట్లాడింది, "మటన్ మంచిగ పెట్టిన్రట" అని.

కోర్టు నుంచి కాగితం వస్తే ఆమె పద్ధతి వేరుగా ఉండేది. ఫలానా మనిషి రికార్డులు తెమ్మని సమన్లు వచ్చినప్పుడు, ఆ మనిషి మా కేంద్రానికి వచ్చినా రాకపోయినా, జవాబు అక్షరం తేడా లేకుండా ఒకటే. మా దగ్గరికి ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. న్యాయం తేల్చడానికి ఆ సమాచారం తప్పనిసరి అని గౌరవ న్యాయస్థానం స్వయంగా నిర్ణయించి ఉత్తర్వు ఇస్తే, న్యాయస్థానానికి మాత్రమే ఇస్తాం. అంతే. తర్వాత వాయిదా రోజున తనే సీలు వేసిన కవరు పట్టుకుని వెళ్లేది. ఆ కవరులో రిపోర్టు ఉండొచ్చు, మా దగ్గర ఏమీ లేదన్న కాగితమైనా ఉండొచ్చు. రెండూ బయటికి ఒకే మందంలో కనపడాలని ఖాళీ కాగితాలు కూడా పెట్టేది. నేను ఒకసారి, "తెల్లకాగితాలకు లక్క ఎందుకు మేడం?" అని నవ్వాను. "పలుచగ ఉంటె వకీలు చేత్తోని పట్టుకునే కనిపెడతడు నర్సింలూ. వాళ్లకు కండ్లు వేళ్లల్లుంటయ్" అంది. నేను దాన్ని చాదస్తం అనుకున్నాను. మిగతా గుమస్తాలతో ఆ తెల్లకాగితాల కథ చెప్పి నవ్వించాను కూడా.

ఇక ఒక తల్లి కథ. ఆమె పేరు చెప్పను. తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసే చోట పనిచేసేది. భర్త బండల లారీ నడిపేవాడు, జబ్బుపడి చనిపోయాడు. ఒక్కతే కూతురు, బడికి పోయే వయసు. అత్తామామలు కరణ్‌కోట వైపు వాళ్లు. మా కొడుకు పోయాడు, మనవరాలు మాకు కావాలి అని కోర్టుకెక్కారు. అడగడంలో తప్పు లేదు. అడిగిన తీరు తప్పు. కోడలికి ఆ జబ్బు ఉంది, అందుకే పిల్ల ఆమె దగ్గర ఉండకూడదు అని రాయించారు. రుజువు కోసం ఆమె పరీక్ష వివరాలు ఇవ్వమని మా కేంద్రానికి సమన్లు తెప్పించారు.

సమన్లు వచ్చిన రోజు మేడం లేదు. శిక్షణ కోసం హైదరాబాద్ వెళ్లింది. వేరే ఆసుపత్రి డాక్టరు ఒకాయన అదనపు బాధ్యతలో ఉన్నాడు, తన కుర్చీలో తను కూర్చోవడానికే తీరిక లేని మనిషి. అవతలి వకీలు గుమస్తా నా బల్ల దగ్గర నిలబడ్డాడు. "కోర్టు కాగితం నర్సింలన్నా. జవాబియ్యకపోతె మీ మేడం మీదికొస్తది. ఇస్తవో ఇయ్యవో గదన్న రాసియ్యి, నేను పోత" అన్నాడు. ఆగమని చెప్పవచ్చు. మేడంకు ఫోను చేయవచ్చు. కానీ నేను ఇన్నేళ్లు ఆ బల్ల దగ్గర ఉన్నవాణ్ని, ఒక జవాబు రాయలేనా అనుకున్నాను. మేడం రాసే పొడుగు వాక్యం నాకు డొంకతిరుగుడుగా అనిపించేది. సూటిగా, గట్టిగా రాశాను. సదరు మహిళ పరీక్ష వివరాలు గోప్యమైనవి, కనుక ఇవ్వడం వీలుకాదు, అని. రిజిస్టరు తెరిచి కూడా చూడలేదు. ఇన్‌చార్జి డాక్టరు స్కూటరు మీద కూర్చునే సంతకం పెట్టాడు. గుమస్తా అడిగితే ఒక కాపీ కూడా ఇచ్చాను. పొమ్మన్నట్టు మొహాన కొట్టాను అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి పోతూ ఆటోలో ఛాతీ విరుచుకుని కూర్చున్నాను.

మేడం తిరిగి వచ్చి ఆ కాపీ చదివింది. రెండోసారి చదవలేదు.

"ఇది ఎవరికిచ్చినవ్?"

"వాళ్ల వకీలు గుమస్తాకు. ఏం ఇయ్యలేదు మేడం, ఇయ్యమనే రాసినం."

"ఆమె పరీక్ష వివరాలు గోప్యం అని రాసినవ్. అంటె ఉన్నయనే గదా. లేనిదాన్ని ఎవడన్న దాస్తడా నర్సింలూ?"

అప్పుడు అర్థమైంది. ఆమె అరుస్తుందని ఎదురుచూశాను. అరవలేదు. కుర్చీలో కూర్చుని చేతులు బల్ల మీద పెట్టుకుని, "ఇంకెంతమంది చేతులకు పోయిందో కనుక్కో" అంది.

కనుక్కునే అవసరం లేకపోయింది. అప్పటికే ఆ తల్లి మరిది ఆ కాగితం ఫోటో తీసి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆసుపత్రి ముద్ర ఉంది, సంతకం ఉంది, ఆమె పేరు ఉంది. జబ్బు పేరు ఎక్కడా లేదు. ఉండనక్కర్లేకపోయింది. కిరాణా కొట్టులో ఆ కాగితాన్ని గట్టిగా చదివారట. నల్లా దగ్గర ఆమె బిందె పెడితే ముందున్నవాళ్లు తమ బిందెలు తీసుకుని వెనక్కి జరిగారట. ఇంటి ఓనరు గది ఖాళీ చేయమన్నాడు. బళ్లో పిల్లను విడిగా కూర్చోబెట్టారు, నీళ్ల సీసా ఇంటి నుంచే తెచ్చుకోమన్నారు. వీళ్లలో ఒక్కరూ చదువురానివాళ్లు కారు. ముట్టుకుంటే రాదని, కలిసి తింటే రాదని గోడల మీద మేమే రాయించాం, ఆ గోడల పక్కనుంచే రోజూ నడిచేవాళ్లు. వాళ్ల మీద నా కోపం ఇన్నేళ్లలో ఒక్క పిసరు తగ్గలేదు. నా మీద కోపం దానికి తోడైంది.

ఆమె ఆసుపత్రికి వచ్చింది. రాతిపొడి ఇంకా జుట్టులోనే ఉంది. పని మధ్యలోంచి వచ్చినట్టుంది. మేడం గదిలో నిలబడి, "గా కాగితంల నా పేరెందుకు రాసిన్రమ్మా? మీరు ఎవ్వలకు చెప్పరంటరు గదా" అంది. తర్వాత, "నా బిడ్డను గుంజుకపోతరు. నాకింకెవలున్నరు?" అంది. ఇంకా చాలా మాట్లాడింది. అవి ఇక్కడ రాయను.

మేడం లేచి తలుపు వేసింది. "తప్పు మాది బిడ్డా" అంది. "మాది" అంది. వీడిది అనలేదు. నేను ఫైలు పట్టుకుని అదే గదిలో, ఆమెకు చేతి దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. "నీ పిల్ల నీ కాడనే ఉంటది, దానికోసం నేను కోర్టుకొస్త" అంది మేడం. ఆమె వెళ్తూ నన్ను చూసి, "వస్తనన్నా" అంది. ఆ కాగితం నా చేతి రాత అని ఆమెకు తెలియదు.

వాయిదాకు తాండూరు నుంచి రైలులో వికారాబాద్ వచ్చాం, మేడం, నేను. కవరు ఆమె ఒడిలోనే ఉంది. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ చాలాసేపు చూసి, "ఏముందమ్మా, గంత భద్రంగ పట్టుకున్నవ్? బంగారమా?" అని అడిగింది. "బంగారమైతె సంచిల పడేద్దునమ్మా" అంది మేడం. ముసలమ్మ నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

కోర్టులో అవతలి వకీలు నేను రాసిన కాగితాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. "గోప్యమైన వివరాలు ఉన్నాయని మీ ఆఫీసే ఒప్పుకుంది. ఇంకా ఏం దాస్తున్నారు డాక్టరు గారూ?"

"నేను కోర్టుకు ఏం దాయనండి. కవరు తెచ్చిన. ఇయ్యమని జడ్జి గారు ఉత్తర్వు ఇస్తె ఈడనే ఇస్త, వారికే ఇస్త. మీకియ్య."

"ఈ లేఖ మీ ఆఫీసుదేనా?"

"మా ఆఫీసుదే."

"ఎవరు రాశారు?"

నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

"నా ఆఫీసు రాసింది. ఆఫీసు నాది. ఆ లేఖ తప్పు. ఆ మాటల నుంచి ఎవరు ఏం అర్థం తీసినా దానికి ఆధారం లేదు, ఎందుకంటె రిజిస్టరు చూడకుండ రాసిన మాటలు అవి."

వకీలు నవ్వి, "మరి చూసి చెప్పండి" అన్నాడు.

అప్పుడు ఆమె జడ్జి గారి వైపు తిరిగి, ఒక మాట చెప్పుకోవచ్చా అని అడిగింది. ఆయన చెప్పమన్నారు. "సార్, ఇక్కడ తేల్చేది పిల్ల ఎవరి దగ్గర మంచిగ పెరుగుతదని. ఆ జబ్బున్న తల్లులు కూడ పిల్లల్ని మంచిగనే పెంచుతున్నరు, మందులేసుకుంట, పనిచేసుకుంట. నేను రోజూ చూస్త. జబ్బు ఉన్నా లేకపోయినా జవాబు మారనప్పుడు కవరు తెరిచి ఏం లాభం సార్? లేదు, రిపోర్టుల మీదనే తేల్చాలంటె, తాతవి, నానమ్మవి కూడ తెప్పించండి. ముగ్గురివీ ఒక్కసారే తెరుద్దాం."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తాత తల దించుకున్నాడు. జడ్జి గారు నవ్వలేదు. కాసేపు కాగితాలు తిరగేసి, ఈ దశలో ఆ కవరు అవసరం తనకు కనిపించడం లేదన్నారు. కవరు లక్క చెదరకుండా మాతోనే తిరిగి వచ్చింది. కొన్ని వాయిదాల తర్వాత పిల్ల తల్లి దగ్గరే ఉండాలని తీర్పు వచ్చింది. తాత, నానమ్మ వచ్చి చూసుకుని పోవచ్చన్నారు.

గెలిచింది ఎస్తేరు మేడం. అయినా లోకం ఆమెకు అంటగట్టింది మాత్రం నా కాగితాన్ని. రోగి వివరాలు బయటపెట్టిన వైద్యాధికారిణి అని ఒక పత్రిక జిల్లా పేజీలో వేశారు. ఆమెను ఒక్క మాట అడగకుండానే వేశారు. వీధి వీధికీ ఆ ఫోటో పంపిన మరిది గురించి ఒక్క అక్షరం లేదు. సమన్లను సాకుగా పెట్టుకుని ఒక విధవరాలి పరువు లాగిన వకీలు గురించి లేదు. శాఖలో విచారణ పెట్టారు. విచారణాధికారి నన్ను పిలిచి, ముసాయిదా ఎవరిదని అడిగాడు. "గుర్తులేదు సార్" అన్నాను. అప్పట్లో నా ప్రమోషన్ ఫైలు కదులుతోంది. ఆయన కూడా మళ్లీ అడగలేదు. పెద్ద తలకాయ ఒకటి దొరికింది, చిన్నదాన్ని వెతికే ఓపిక ఎవరికి ఉంటుంది? సంతకం పెట్టిన ఇన్‌చార్జి డాక్టరు తనకు కాగితం చదివి వినిపించలేదన్నాడు. మేడంకు మెమో, ఆ తర్వాత దూరపు జిల్లాకు బదిలీ. నాకు ప్రమోషన్.

ఆమె సామాను సర్దుకునే రోజు గదిలోకి వెళ్లాను. లక్క కడ్డీలు, ఇత్తడి ముద్ర నా బల్ల మీద పెట్టమని ఇచ్చింది. "మేడం, నన్ను క్షమించండి. నేను చెప్పాల్సింది" అన్నాను.

"చెప్పాల్సింది" అంది. ఓదార్చలేదు. కాసేపు పుస్తకాలు డబ్బాలో పెట్టుకుంది. తర్వాత, "నాకు చెప్తె ఏమొస్తది? ఆమెకు చెప్పు. చెప్పనీకె ఆమె ఇంటి ముందటికి పోయి నిలబడకు. దవాఖాన మనిషి ఎందుకొచ్చిండని మల్ల అందరు చూస్తరు" అంది.

ఆ తల్లికి ఇప్పటిదాకా చెప్పలేదు. తీర్పు రాకముందే ఆమె గది ఖాళీ చేసింది. తీర్పు వచ్చాక పిల్లతో తాండూరే వదిలి వెళ్లిందన్నారు. వెతికితే దొరికేదేమో. కానీ వెతకడమంటే పదిమంది దగ్గర ఆమె పేరు ఎత్తడం. ఆసుపత్రి గుమస్తా ఆమె కోసం తిరుగుతున్నాడని ఇంకో ఊరికి తెలియజేయడం. ఇది నిజం. నేను దీన్ని సాకుగా కూడా వాడుకున్నాను, అదీ నిజం. మేడం రిటైరై పూడూరు వచ్చి ఉన్నప్పుడు ఒకసారి వెళ్లాను. చాయ్ ఇచ్చింది. దొరికిందా అని అడగలేదు. పోయిన ఏడు మేడం సమాధి దగ్గర నిలబడినప్పుడు కూడా, వెనక ఎవరో ఇద్దరు ఆ పైసల మాటే గుసగుసలాడుకుంటుంటే విని, చెప్పులేసుకుని వచ్చేశాను.

అందుకని పోయిన వారం, వరండాలో, ఆ గుమస్తాకు మొత్తం చెప్పాను. పైసలు ఎవరూ తినలేదని, ఆ కాగితం రాసింది నేనని, డాక్టరమ్మ ఊళ్లోనే లేదని, తిరిగొచ్చి దాన్ని తన నెత్తిన వేసుకుందని, నేను ప్రమోషన్ కోసం నోరు మూసుకున్నానని. అతను పల్లీలు తినడం ఆపేశాడు. శ్రద్ధగా విన్నాడు. అయ్యో, అయ్యో అన్నాడు. విన్నాక కొంచెం దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అయితె సార్, గామెకు నిజంగనే ఉండెనా?"

ఇంత విన్న తర్వాత ఆ మనిషికి మిగిలిన ప్రశ్న అదొక్కటే. ఒళ్లు మండిపోయింది. తిడదామని నోరు తెరిచాను. లోపల నుంచి బంట్రోతు మా కేసు పిలిచాడు. కవరు తీసుకుని లేచాను. అందులో రిపోర్టు ఉందో, తెల్లకాగితాలే ఉన్నాయో పట్టుకుని చూస్తే తెలియదు, అంత మందంగా పెట్టాను.

"ఉందనీ చెప్పం, లేదనీ చెప్పం" అన్నాను. చెప్పి లోపలికి నడిచాను.